ఎర్రగరుసు చేనులో మట్టికి జీవం: ఒక ముంగారు ప్రాజెక్టు డైరీ

భరణి కార్తె, ఏప్రిల్ నెలాఖరు

కదిరికి దగ్గర్లో మాకు రెండెకరాల మెట్ట చేను ఉంది. ఎర్రగరుసు నేల, బోరు లేదు, వానే ఆధారం. ఏటా ముంగారికి, అంటే తొలకరి పంట కాలానికి, చెనిక్కాయ (వేరుశనగ) వేసి మధ్యలో కంది సాళ్లు పెడతాం. చేను నడిమధ్యన గట్టు ఉంది. ఈ ఏడాది గట్టుకు పడమటి ఎకరా నాది. అందులో డీఏపీ, యూరియా లాంటి రసాయన ఎరువులు వేయకుండా, మట్టిలోని సూక్ష్మజీవుల్ని పెంచే పద్ధతులతో పంట తీయాలని మొదలుపెట్టాను. తూర్పు ఎకరా నాయన ఎప్పటిలాగే చేస్తాడు. "నీ ఎకరాలో ఏమన్నా చేసుకోప్పా, నా ఎకరా జోలికి మాత్రం రావద్దు" అన్నాడు. పోల్చి చూడటానికి నాకూ అదే కావాలి.

ముందు మట్టి పరీక్ష చేయించాను. చేనులో అక్కడక్కడా ఇంగ్లీషు వి ఆకారంలో గుంట తీసి, పైనుంచి 15 సెంటీమీటర్ల లోతు దాకా పలుచని పొర గీకి, అంతా కలిపి అరకిలో పంపించాను. గట్టు పక్కన, చెట్టు కింద, ఎరువు దిబ్బ వేసిన చోట మట్టి తీయలేదు. అక్కడ తీస్తే లెక్క తప్పుతుంది. ఉదజని సూచిక (పీహెచ్) 6.8 వచ్చింది, దిగులు లేదు. భాస్వరం మధ్యస్థం కంటే పైనే ఉంది. ఏళ్ల తరబడి వేసిన డీఏపీలో పంట తీసుకోనిది మట్టిలోనే చిక్కుకుపోయి ఉంది. సేంద్రియ కర్బనం మాత్రం 0.3 శాతం. 0.5 కంటే తక్కువుంటే మట్టి పరీక్ష కార్డులో "తక్కువ" అని రాస్తారు. మా చేను అసలు జబ్బు అదే.

ఈ అంకె ఒక్క కారులో, అంటే ఒక్క పంట కాలంలో, మారదని లెక్క వేస్తేనే అర్థమవుతుంది. ఎకరం నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. కర్బనం 0.1 శాతం పెరగాలంటే 900 కిలోల కర్బనం ఆ మట్టిలో నిలవాలి. మనం వేసిన ఆకూ అలమూ, పేడలో ఉన్న కర్బనంలో చాలా భాగాన్ని సూక్ష్మజీవులు తిని, బొగ్గుపులుసు వాయువుగా మొదటి ఏడాదే గాల్లోకి వదిలేస్తాయి. నిలిచేది కొంచెమే. కాబట్టి ఈ కారులో నేను ఆ అంకె కోసం చూడను. మట్టిగడ్డ, వేరు, నీరు ఇంకే తీరు ఎలా మారుతున్నాయో చూస్తాను.

గడ్డ పరీక్ష ఇంట్లోనే చేశాను. ఎండిన మట్టిగడ్డను గాజుగ్లాసు నీళ్లలో మెల్లగా దించాలి. మా చేను గడ్డ చూస్తుండగానే విచ్చిపోయి అడుగున బురద పేరుకుంది. అదే గట్టు మీద గానుగచెట్టు కింది గడ్డ నీళ్లలో చాలాసేపు అలాగే నిలిచింది. రెండూ ఒకే ఎర్రమట్టి. చెట్టు కింద వేళ్లు, రాలిన ఆకు, వాటి మీద బతికే శిలీంధ్రాల పోగులు, బాక్టీరియా వదిలే జిగురు కలిసి మట్టి రేణువుల్ని పట్టి ఉంచుతున్నాయి. చేనులో పట్టి ఉంచేది ఏమీ లేదు. వాన గట్టిగా పడితే పైపొర పలకబారి నీళ్లు పారిపోయేది ఇందుకే.

కృత్తిక, రోహిణి

డ్రమ్ములు, ప్యాకెట్లు కొనే ముందు తిండి సంగతి చూడాలి. మే నెలలో బోడిగా పడి ఉన్న ఎర్రనేల పైపొర మధ్యాహ్నానికి 50 డిగ్రీలు దాటిపోతుంది. చేనికి మేలు చేసే బాక్టీరియాలో ఎక్కువ రకాలు 30 డిగ్రీల చుట్టుపక్కల హాయిగా పెరిగేవి. నీడ లేదు, తడి లేదు, తినడానికి కర్బనం లేదు. అలాంటి నేలలో ఎంత మంచి జీవన ఎరువు పోసినా వంట చేయకుండా బంధువుల్ని పిలిచినట్టే. ఈ ప్రాజెక్టు అంతటా నేను పట్టుకున్న ఆలోచన ఇదొక్కటే: ముందు తిండి, నీడ, తడి, ఆ తర్వాతే కొత్త జీవుల్ని తెచ్చి వేయడం.

గొర్రెల మంద నిలిపించాను. కోతలయ్యాక ఊరి మీదికి వచ్చే కాపరులతో మాట్లాడుకుంటే, రాత్రిళ్లు మందను మన చేనులోనే తోలతారు. ఒక రాత్రి ఒక మూల, మర్నాడు పక్క మూల. ఇంతకంటే సులువైన ఎరువు మెట్టకు లేదని మా పెద్దలు ఊరికే అనలేదు. పెంటికతో పాటు మూత్రం కూడా నేలలోనే ఇంకుతుంది, మోసుకొచ్చే కూలి ఖర్చు ఉండదు. మంద లేచిన వెంటనే పైపైన గుంటక తోలి మట్టిలో కలిపాను. అలా వదిలేస్తే మూత్రంలోని నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది.

చెరువు మట్టి కూడా కొన్ని ట్రాక్టర్లు తోలించాను. గరుసు నేలలో బంక తక్కువ. చెరువు మట్టిలో సన్నని బంక రేణువులు ఎక్కువ. అవి నీటిని పట్టి ఉంచుతాయి, కర్బనాన్ని కూడా సూక్ష్మజీవులు తొందరగా తినేయకుండా తమకు అంటించుకుని కాపాడతాయి. పేడ ఎరువు ఒకటి రెండేళ్లలో కరిగిపోతుంది గానీ చెరువు మట్టి చాలా ఏళ్లు ఉంటుంది.

ఆ తర్వాత నవధాన్యాలు చల్లాను. వానలకు ముందే పొడి దుక్కిలో పలు రకాల విత్తనాలు వేయడాన్ని రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో బాగా ప్రచారం చేశారు. నేను కలిపినవి సజ్జ, జొన్న, కొర్ర, పెసర, అలసంద, ఉలవ, అనుము, జనుము, నువ్వులు, గోగు. ఆవాలు కావాలనే వదిలేశాను. వేళ్లతో జతకట్టి దూరం నుంచి భాస్వరం, నీరు తెచ్చిపెట్టే మైకోరైజా శిలీంధ్రం ఆవ జాతి మొక్కలతో కలవదు. అది బతికున్న వేరు మీదే పెరిగే జీవి. నేల నెలల తరబడి బోడిగా ఉంటే తగ్గిపోతుంది, లోతుగా దున్నితే దాని పోగులు తెగిపోతాయి. చెనిక్కాయ వేళ్లకు ఈ శిలీంధ్రం బాగా పడుతుంది కాబట్టి, దాన్ని ముందుగానే పెంచి పెట్టుకోవడానికి ఈ పచ్చిక అవసరం.

విత్తనాల్ని జల్లెడ పట్టిన చెరువు మట్టి, ఘనజీవామృతం (పేడ, పంచితం, బెల్లం, పిండి కలిపి ఆరబెట్టిన ఎరువు) పొడి, కొంచెం బూడిదతో ఉండలుగా దొర్లించి ఆరబెట్టి చల్లాం. మట్టిపొర ఉంటే చీమలు, పిట్టలు తొందరగా ఎత్తుకుపోవు, చిన్న జల్లుకే మొలిచి ఎండకు మాడిపోవడం కూడా తగ్గుతుంది.

మృగశిర

రోహిణి చివర్లో ఒక వాన, మృగశిరలో మరో రెండు మంచి వానలు. పడమటి ఎకరా పచ్చబడింది. అన్నీ ఒకేలా మొలవలేదు. సజ్జ, అలసంద ముందు లేచాయి, కొర్ర అక్కడక్కడా, గోగు ఆలస్యంగా. అది నాకు సమ్మతమే. ఒక్కో మొక్క వేరు ఒక్కో లోతుకు పోతుంది, ఒక్కో రకం చక్కెరలు, ఆమ్లాలు మట్టిలోకి వదులుతుంది. ఎండలో ఆకు తయారుచేసుకున్న ఆహారంలో కొంత మొక్క వేళ్ల గుండా బయటికి పోస్తుంది. వేరు చుట్టూ ఉన్న సన్నని మట్టిపొరలో బాక్టీరియా గుంపులు కట్టేది ఆ తిండి కోసమే.

తడి దొరికింది కాబట్టి ద్రవజీవామృతం మొదలుపెట్టాను. 200 లీటర్ల డ్రమ్ములో నీళ్లు, 10 కిలోల నాటు ఆవు పేడ, 10 లీటర్ల ఆవు పంచితం (మూత్రం), 2 కిలోల నల్లబెల్లం, 2 కిలోల ఉలవపిండి, గానుగచెట్టు కింద నుంచి పిడికెడు మట్టి. నీడలో గోనె కప్పి, పొద్దున సాయంత్రం కర్రతో కలియతిప్పితే రెండు రోజులకు నురగ వచ్చి పులిసిన వాసన వేస్తుంది. మురుగు వాసన వస్తే గాలి ఆడలేదని అర్థం. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి పక్క చేను బోరు నీళ్లే తెచ్చుకున్నాను. ఎకరాకు 200 లీటర్లు, సాయంత్రం పూట, తడి నేల మీదే పోశాను.

పక్క చేను మామ గట్టు మీద నిలబడి అడిగాడు: "ఏమప్పా, పేడనీళ్లకే కాయ వచ్చేస్తుందా?"

"పేడనీళ్లకే రాదు మామా" అన్నాను. అన్నాక ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. పేడలో నత్రజని అర శాతం లోపే ఉంటుంది. పంచితంలో దాదాపు ఒక శాతం, పిండిలో మూడున్నర శాతం దాకా ఉంటుంది. అంతా కూడితే డ్రమ్ముకు పావుకిలో దాటదు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. కాబట్టి జీవామృతాన్ని ఎరువుగా లెక్కపెడితే రైతు నష్టపోతాడు. బెల్లం, పిండి తిని పెరిగిన సూక్ష్మజీవులు మట్టిలో అప్పటికే ఉన్న పచ్చిరొట్ట, పెంటిక, ఎరువును కదిలించాలి. కదిలించడానికి మట్టిలో ఏమీ లేకపోతే ఎన్ని డ్రమ్ములు పోసినా ఫలితం ఉండదు. జీవామృతాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ పద్ధతిని ప్రేమించే మిత్రులు కొందరు డ్రమ్ము ఒక్కటే చాలంటారు. 0.3 శాతం కర్బనం ఉన్న గరుసు నేలకు అది చాలదని నా అభిప్రాయం.

ఇదే కార్తెలో రెండు ఎకరాల్లోనూ తెల్లని నూలు పంచె ముక్కలు జానెడు లోతున పాతిపెట్టి, గుర్తుకు కట్టెలు నాటాను. నూలు అంటే సెల్యులోజు. మట్టిలో తినేవాళ్లు ఎక్కువుంటే గుడ్డ తొందరగా చివుకుతుంది. ల్యాబు అక్కర్లేని పరీక్ష.

ఆరుద్ర నుంచి పునర్వసు దాకా

ఈ కారు మొత్తంలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టిన దశ ఇదే. పచ్చిక మోకాలు దాటింది. ప్రకృతి వ్యవసాయం చెప్పేదాని ప్రకారం నేలను ఆచ్ఛాదనతో కప్పి ఉంచాలి. కానీ చెనిక్కాయకు కాండం కుళ్లు తెచ్చే స్క్లెరోషియం రాల్ఫ్‌సై అనే శిలీంధ్రం కూడా కుళ్లని చెత్త మీదే బలం పుంజుకుంటుంది. మొక్క మొదట్లో సగం మురిగిన ఆకు, పుల్ల ఉంటే దాని మీద తెల్లని బూజులా అల్లుకుని, అక్కడి నుంచి కాండంలోకి దిగుతుంది. ఆవగింజల్లాంటి దాని గింజలు ఏళ్లపాటు మట్టిలో ఉండిపోతాయి. మనం వేసిన తిండి మంచి జీవులే తినాలని రూలేమీ లేదు.

అందుకని ఇలా చేశాను. సజ్జ, జొన్న లాంటి పీచు ఎక్కువున్నవి కోసి పశువులకు మేతగా వేశాను. అవి పేడగా తిరిగి చేనుకే వస్తాయి. మిగిలిన జనుము, అలసంద, పెసరను పూత మీద ఉన్నప్పుడే గుంటకతో పైపైన మట్టిలో కలిపాను. జనుము ముదిరితే నార కడుతుంది, కుళ్లడానికి నత్రజనిని మట్టి నుంచే లాక్కుంటుంది, పంటకు కొదవ పడుతుంది. పూత మీద లేతగా ఉంటే రెండు మూడు వారాల్లో మట్టిలో కలిసిపోతుంది. వేళ్లు నేలలోనే ఉండనిచ్చాను. మడక వేసి లోతుగా దున్నలేదు. కలిపాక ఒక వాన పడింది, అదృష్టం. పడకపోతే విత్తడం ఆలస్యం చేయడానికి కూడా సిద్ధపడ్డాను.

ఈలోగా ట్రైకోడెర్మా పెంచాను. మాగిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా విరిడి పొడి 2 కిలోలు కలిపి, బెల్లం నీళ్లు చిలకరించి, నీడలో కుప్ప పోసి తడి గోనె కప్పాను. వారం దాటేసరికి కుప్పంతా తెల్లని బూజు, తర్వాత అది పచ్చబడింది. ఆ పచ్చదనం కనిపిస్తేనే ప్యాకెట్టులో ఉన్నది బతికి ఉందని నమ్మకం. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే, కానీ ఇది స్క్లెరోషియం పోగుల్ని చుట్టుకుని, వాటి గోడల్ని కరిగించి తినేస్తుంది. పచ్చి పేడలో కాకుండా మాగిన ఎరువులోనే పెంచాలి. పచ్చిపేడ కుప్ప వేడెక్కితే ఇది చచ్చిపోతుంది.

ప్యాకెట్ల గురించి ఒక మాట. ఒక దుకాణంలో రైజోబియం (చెనిక్కాయ వేళ్ల మీది బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని పట్టే బాక్టీరియా) ప్యాకెట్లు కిటికీ పక్కన ఎండ తగిలే చోట పెట్టి ఉన్నాయి. తేదీ దాటలేదు గానీ తీసుకోలేదు. మరో చోట చల్లగా ఉంచినవి తెచ్చుకున్నాను. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పొడి రూపంలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవ రూపంలో మిల్లీలీటరుకు 10 కోట్లు బతికున్న కణాలు ఉండాలి. రైతు వాటిని లెక్కపెట్టలేడు. చూడగలిగింది తయారీ తేదీ, గడువు, ఏ పంటకు ఇచ్చిన రకం, ఎక్కడ ఉంచారు అన్నవే. అవి కచ్చితంగా చూడండి.

విత్తనం కదిరి పరిశోధన స్థానం వాళ్ల కె-6 రకం చెనిక్కాయ. ముందుగా కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా, ఆ తర్వాత ఎకరా విత్తనానికి 200 గ్రాముల రైజోబియం పొడి, పట్టుకోవడానికి చల్లార్చిన బెల్లం పాకం కొద్దిగా. చెనిక్కాయ గింజకు పైపొర చాలా పలుచన. ఎక్కువ తడిపి చేతులతో రుద్దితే పొర ఊడి మొలక దెబ్బతింటుంది. అందుకే గోనెపట్టా మీద పోసి, నలుగురం నాలుగు మూలలు పట్టుకుని అటూ ఇటూ దొర్లించి, నీడలో ఆరబెట్టాం. బూజు మందులేవీ పట్టించలేదు. అవి పట్టిస్తే మనం తెచ్చిన శిలీంధ్రం కూడా వాటితో పాటే పోతుంది.

పునర్వసు చివరలో తడి పదునులో గొర్రుతో విత్తాం. ఏడు సాళ్ల చెనిక్కాయకు ఒక సాలు కంది. ట్రైకోడెర్మా ఎరువు సాళ్లలో పడేలా చల్లాను. నాయన ఎకరాలో డీఏపీ పడింది.

ఆశ్లేష, మఖ

ఆశ్లేష అంతా బెట్ట. చుక్క లేదు. జీవామృతం డ్రమ్ము కలిపి కూడా చేనుకు పోయలేదు. ఎండిన మట్టి మీద పోయడం వృథా అని అది కొబ్బరి చెట్ల పాదుల్లో పోశాను.

చెనిక్కాయకు నీళ్లు చాలకపోతే ఆకులు మూసుకుంటుంది. నాయన ఎకరాలో పొద్దున పదికే మూసుకుంటుంటే, పడమటి ఎకరాలో చాలా భాగం మధ్యాహ్నం దాకా విప్పుకునే ఉంది. గట్టు మీద నిలబడి నాయనా నేనూ రోజూ చూశాం. ఆయన ఏమీ అనలేదు గానీ, చెరువు మట్టి ఎన్ని ట్రాక్టర్లు పట్టిందని అడిగాడు.

మఖలో వాన వచ్చాక మొక్కలు పెరికి చూశాను. గడ్డపారతో చుట్టూ తవ్వి, మట్టితో సహా ఎత్తి నీళ్లలో కడగాలి. లాగితే బుడిపెలు తెగిపోతాయి. రెండు ఎకరాల్లోనూ బుడిపెలున్నాయి. మా నేలలో ఏటా చెనిక్కాయే కాబట్టి రైజోబియం పూర్తిగా లేకుండా ఎప్పుడూ ఉండదు. కానీ పడమటి వైపు మొక్కలకు తల్లివేరు మీదే దట్టంగా ఉన్నాయి. గోటితో చీల్చితే లోపల ఎర్రగా ఉంది. మన రక్తంలోని ఎరుపుకు దగ్గరి బంధువైన లెగ్‌హిమోగ్లోబిన్ వల్ల ఆ రంగు. లోపల ఎర్రగా ఉంటే గాలిలోని నత్రజనిని పట్టే పని జరుగుతోందని అర్థం. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలవలేదు, పచ్చబారితే పని అయిపోయింది. తూర్పు ఎకరాలో తెల్లవి ఎక్కువ కనిపించాయి. సులువుగా దొరికే నత్రజని మట్టిలో ఉంటే మొక్క బుడిపెల్ని అంతగా పోషించదు.

పూత వచ్చి, కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగే వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం వేసి మట్టి ఎగదోశాను. ఇది చూసి ప్రకృతి వ్యవసాయం చేసే మిత్రుడు ఒకరు నొచ్చుకున్నారు. నేను మాత్రం దీన్ని మానను. సూక్ష్మజీవులు గాలి నుంచి నత్రజని తేగలవు, చిక్కుకున్న భాస్వరాన్ని విడిపించగలవు. కానీ నేలలో లేని కాల్షియాన్ని పుట్టించలేవు. చెనిక్కాయ కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా పీల్చుకుంటుంది. అది లేకపోతే కాయ ఉంటుంది, గింజ ఉండదు. జిప్సం భూమిలో దొరికే ఖనిజమే, అందులో గంధకం కూడా ఉంటుంది.

పుబ్బ, ఉత్తర

వానలు కుదిరాయి. కాండం కుళ్లు రెండు వైపులా కనిపించింది. పడమటి ఎకరాలో విడివిడిగా ఒక్కో మొక్క, తూర్పున అక్కడక్కడా గుంపులుగా. పడమట కూడా ఒక మూల మాత్రం గుంపుగానే పోయింది. అది పల్లం, నీరు నిలిచే చోటు. అక్కడ పచ్చిరొట్ట సరిగా మాగలేదు. ఎండిన మొక్కల్ని బూజు పట్టిన మట్టితో సహా తీసి చేను బయట కాల్చేశాను. జీవామృతం మంచి పదును మీద మళ్లీ పోశాను.

పంచె ముక్కలు తవ్వాను. తూర్పు గుడ్డ మాసి, చిల్లులు పడింది గానీ మడత విప్పితే ఆకారం ఉంది. పడమటి గుడ్డలో అంచు కుట్టు, అక్కడక్కడా దారాలు మాత్రమే మిగిలాయి. అంచు కుట్టిన దారం పాలియెస్టరు, దాన్ని ఏ జీవీ తినదు. నాయన రెండింటినీ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే సంతోషం అప్పుడు కలిగింది.

స్వాతి

చెనిక్కాయ పెరికాం. తూర్పు ఎకరాలో రెండు సంచుల కాయ ఎక్కువ వచ్చింది. దీన్ని దాచడం లేదు. పడమట పల్లం మూల పోవడం అందులో కొంత కారణం, మొదటి ఏడాది కావడం ఇంకొంత. మొక్కలు పెరుకుతుంటే పడమటి మట్టి వదులుగా వచ్చింది, ఊడలు తెగి మట్టిలో ఉండిపోయిన కాయ తక్కువ. ఖర్చులో మందులు, డీఏపీ మిగిలాయి, మనిషి శ్రమ, ట్రాక్టరు బాడుగ పెరిగాయి. చెరువు మట్టి ఏటా వేసేది కాదు కాబట్టి ఆ బాడుగను ఒక్క పంట మీదే వేయడం సరికాదని నా లెక్క.

గ్లాసు పరీక్ష మళ్లీ చేశాను. పడమటి గడ్డ గానుగచెట్టు కింది గడ్డంత నిలవలేదు. అంచులు రాలాయి, నడుమ నిలిచింది. తూర్పు గడ్డ ఏప్రిల్‌లో లాగే విచ్చిపోయింది.

ఇప్పుడు చేనులో

కంది పూత మీద ఉంది. రాలే ఆకును ఊడ్చడం లేదు. చెనిక్కాయ తీసిన సాళ్లలో స్వాతి పదునుకే ఉలవ చల్లాను, నేల బోడిగా ఉండకూడదని. కంది కోసిన తర్వాత మోళ్లు పీకకుండా నేల మట్టానికి కోస్తాను. వచ్చే ఏడాది పల్లం మూలలో పచ్చిరొట్ట కలపను, అక్కడ కోసి మేతకే వేసి, మాగిన ట్రైకోడెర్మా ఎరువు రెట్టింపు వేస్తాను. నీరు బయటికి పోయేలా సన్న కాలువ కూడా తీయాలి.

మట్టి నమూనా మళ్లీ భరణి కార్తెలోనే, అవే చోట్ల నుంచి, అదే లోతున తీస్తాను. తూర్పు ఎకరాలో సగానికి ఈసారి మంద నిలపమని నాయనే కాపరికి చెప్పి వచ్చాడు. ఆ సగంలో డీఏపీ వేయాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. విత్తే లోపు ఇద్దరం కూర్చుని తేల్చుకోవాలి.